41 అడుగులు ఎంత ఎత్తు?

మీ ఇంట్లో కూల్‌డ్రింక్ సీసాలు ఖాళీ అయ్యాక చెత్తబుట్టలోకి కాకుండా మంచం కిందకి చేరుతున్నాయా? పక్కింటివాళ్ళ సైకిల్ పంపు రెండు రోజులుగా మీ బాల్కనీలోనే ఉందా? అయితే మీ అబ్బాయో అమ్మాయో సైన్స్ క్లబ్ రాకెట్ పోటీకి పేరిచ్చారన్నమాట. సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, మూతికి బిరడా బిగించి, గాలి కొట్టి వదిలితే అది రివ్వున లేస్తుంది. ఎవరిది ఎక్కువ ఎత్తుకు పోతే వారికే బహుమతి. ఇంతకంటే సులువైన నియమం ఏముంటుంది అనుకుంటాం. చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను.

నేను వేరే స్కూల్లో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో ఇలాంటి పోటీకి ఒకసారి న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. తొమ్మిదో తరగతి అబ్బాయి రెండు లీటర్ల సీసా, కారు టైర్లకు గాలి కొట్టే ఎలక్ట్రిక్ పంపు తెచ్చాడు. ఏడో తరగతి అమ్మాయి లీటరు సీసా, కాలితో తొక్కే పంపు తెచ్చింది. అబ్బాయి రాకెట్ 40 మీటర్లు దాటింది. అమ్మాయిది 30 మీటర్ల దగ్గర ఆగింది. కప్పు అబ్బాయి చేతిలో పెట్టాను. సామాన్లు సర్దుకుంటుంటే ఆ అమ్మాయి వచ్చి, ఆ అన్నయ్య సీసా, ఆ పంపు తనకిచ్చి ఉంటే తన రాకెట్ ఎంత ఎత్తు పోయేదని అడిగింది. ఫిజిక్స్ టీచర్నై ఉండి కూడా జవాబు చెప్పలేకపోయాను. చెప్పగలిగి ఉండాల్సింది.

ఆ ప్రశ్న పట్టుకుని పుస్తకాలు తిరగేస్తుంటే మళ్ళీ మళ్ళీ ఎదురైన మనిషి రాబర్ట్ హచింగ్స్ గొడార్డ్. ద్రవ ఇంధనంతో రాకెట్‌ను మొదట ఎగరేసింది ఆయనేనని మీ పిల్లలు జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో చదివే ఉంటారు. ఆ రాకెట్ ఎంత ఎత్తు ఎగిరిందో మాత్రం ఆ పుస్తకాలు తరచుగా చెప్పవు. 41 అడుగులు. అంటే నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఎత్తు. దీపావళి రాత్రి మీ మేడ మీద నుంచి మీరు వదిలే తారాజువ్వ దానికంటే చాలా పైకి పోతుంది. ఎత్తు ఒక్కటే చూసి కప్పు ఇచ్చే నాలాంటి న్యాయనిర్ణేత ఆరోజు అక్కడ ఉంటే గొడార్డ్‌కి చివరి స్థానం ఇచ్చి పంపేవాడు.

గొడార్డ్ 1882 అక్టోబర్ 5న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌లో పుట్టాడు. తల్లికి క్షయ. పిల్లాడికీ ఆరోగ్యం అంతంత మాత్రమే. ఏదో ఒక జబ్బుతో నెలల తరబడి ఇంట్లోనే ఉండిపోయేవాడు. అలా తోటివాళ్ళకంటే చదువులో వెనకబడిపోయాడు. హైస్కూలు పూర్తయ్యేసరికి 1904 వచ్చింది, వయసు 21 దాటింది. మన దగ్గర ఆ వయసుకి ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉండి ప్లేస్‌మెంట్ల గురించి అడుగుతుంటారు. 21 ఏళ్ళకి ఇంకా స్కూల్లోనే అంటే చుట్టాల ముందు తల్లిదండ్రులకు తలెత్తుకోవడం కష్టమే. ఆ బడిలో మాత్రం అతని వయసు కాకుండా చదువు చూసినట్టున్నారు. తరగతిలో మొదటివాడిగా నిలిచి, స్నాతక సభలో అందరి తరఫున ప్రసంగించాడు.

దానికి ముందే ఒక సంఘటన జరిగింది. 1899 అక్టోబర్ 19న ఇంటి వెనక చెర్రీ చెట్టెక్కి ఎండు కొమ్మలు నరుకుతున్నాడు. అంగారకుడి దాకా పోగల యంత్రం ఒకటి తయారుచేస్తే ఎలా ఉంటుందన్న ఊహ ఆ కొమ్మ మీదే కలిగింది. అప్పటికి పదిహేడేళ్ళు. ఆ తేదీని జీవితాంతం పండుగ రోజులా డైరీలో రాసుకుంటూ వచ్చారు. ఇలాంటి కథలు కొంచెం తీపి కలిపి చెబుతారని నాకు అనుమానం. అయితే ఈ కథకు ఆయన డైరీయే సాక్ష్యం కాబట్టి వదిలేస్తున్నాను.

వూస్టర్ పాలిటెక్నిక్‌లో డిగ్రీ, క్లార్క్ యూనివర్సిటీలో 1911లో డాక్టరేట్, తర్వాత ప్రిన్స్‌టన్‌లో పరిశోధన. 1913లో తల్లి జబ్బే కొడుకునీ పట్టుకుంది. రెండు వారాలకంటే బతకడని డాక్టర్లు అన్నారు. ఆయన బతికారు. మంచం మీద ఉన్న ఆ నెలల్లో రాకెట్ల లెక్కలు చేసుకుంటూ గడిపారు. 1914 వేసవిలో రెండు పేటెంట్లు వచ్చాయి. ఒకటి అంచెలంచెలుగా మండే రాకెట్‌ది, రెండోది ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్‌ది. ఇప్పుడు శ్రీహరికోట నుంచి లేచే పెద్ద రాకెట్లలో ఈ రెండు ఆలోచనలూ ఉన్నాయి. టీవీలో ప్రయోగం చూసేటప్పుడు ఒక అంచె విడిపోయి రెండోది అంటుకుందని వ్యాఖ్యాత చెబుతాడే, అదే మొదటి పేటెంటు సంగతి.

నా ప్రశ్నకి జవాబు దొరికింది తర్వాతి ఘట్టంలో. 1915 నుంచి గొడార్డ్ క్లార్క్ యూనివర్సిటీ ల్యాబులో మామూలు మందు రాకెట్లను పరీక్షించడం మొదలుపెట్టారు. వాటిని పైకి వదిలి ఏది ఎక్కువ ఎత్తు పోతుందో చూసి ఊరుకోలేదు. కట్టేసి కాల్చి, అవి ఎంత గట్టిగా నెడుతున్నాయో కొలిచారు. మందులో దాగిన వేడిలో ఎంత భాగం నిజంగా వేగంగా మారుతోంది అన్నది ఆయన ప్రశ్న. మామూలు రాకెట్లలో అది దాదాపు 2 శాతమే. మిగతాదంతా వేడిగా, పొగగా, వెలుగుగా పోతోంది. ఆవిరి టర్బైన్లలో వాడే, మధ్యలో సన్నబడి చివర మళ్ళీ వెడల్పయ్యే గొట్టాన్ని గొడార్డ్ రాకెట్‌కి అమర్చారు. మందు కూడా మంచిది మార్చారు. సామర్థ్యం 60 శాతం దాటింది. సెకనుకి సుమారు 1,000 అడుగుల వేగంతో బయటికొచ్చే వాయువు దాదాపు 8,000 అడుగుల వేగం అందుకుంది. గాలి తీసేసిన గొట్టంలో కూడా కాల్చి చూశారు. గాలి లేకపోయినా నెట్టుడు ఉంది, పైగా కొంచెం ఎక్కువే ఉంది.

ఆ ల్యాబులో ఏ రాకెట్టూ ఆకాశంలోకి పోలేదు. అయినా ఏది మంచి రాకెట్టో తేలిపోయింది. నా ఏడో తరగతి అమ్మాయికి నేను చెప్పాల్సిన జవాబు కూడా ఈ దారిలోనే ఉంది. ఎంత ఎత్తు పోయావని కాదు, చేతిలో ఉన్నదానిలో ఎంత భాగాన్ని ఎత్తుగా మార్చావని అడగాలి.

1917 జనవరిలో స్మిత్సోనియన్ సంస్థ ఆయన పరిశోధనకు 5,000 డాలర్లు ఇచ్చింది. ఆ పని ఫలితంగా వచ్చిన పుస్తకం చిన్నది, పేరులో మాత్రం అత్యున్నత ఎత్తులను చేరే మార్గం అని ఉంటుంది. 1919 తేదీతో, 1920 జనవరిలో బయటికొచ్చింది. అందులో ముఖ్యమైన లెక్క ఇది: ఒక పౌండు బరువును ఫలానా ఎత్తుకి చేర్చాలంటే నేల మీద ఎంత బరువుతో బయలుదేరాలి? పెద్ద రాకెట్టు, చిన్న రాకెట్టు అన్న తేడా లేకుండా అన్నిటినీ ఒకే తక్కెడలో పెట్టే ప్రశ్న అది. పది పౌండ్లతో బయలుదేరి పౌండును పైకి చేర్చినవాడూ, వంద పౌండ్లతో బయలుదేరి అదే పౌండును అదే ఎత్తుకి చేర్చినవాడూ ఒకటి కాదు కదా.

ఆటల్లో ఇలా బలాబలాల తేడా లెక్కలోకి తీసుకుని పోటీని సమానం చేసే పద్ధతిని హ్యాండిక్యాప్ అంటారు. పేరు ఇంగ్లిషుదే గానీ పద్ధతి మనకి కొత్త కాదు. సంక్రాంతికి, తిరునాళ్ళకి జరిగే బండలాగుడు పోటీలు మీరు చూసే ఉంటారు. అక్కడ అన్ని గిత్తలనీ ఒకే బండకి కట్టరు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని నోరు తెరిచి పళ్ళు చూసి విడదీస్తారు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయన్నది చూస్తారు. రెండు పళ్ళ జతను పూర్తిగా ఎదిగిన జతతో పోటీకి నిలిపితే ఊరు ఊరుకోదు.

అలాగని ఇది ఆటలో అరటిపండు కాదు. అరటిపండు అయిన పిల్లాడు ఔటైనా ఆడుతూనే ఉంటాడు, గెలిచినా లెక్కలోకి రాడు. హ్యాండిక్యాప్‌లో చిన్నవాళ్ళ గెలుపు పూర్తిగా లెక్కే, ఓటమీ పూర్తిగా లెక్కే.

మోడల్ రాకెట్ల పోటీలు బాగా నడిచే దేశాల్లో మోటార్లకి అక్షరాలతో తరగతులుంటాయి. ‘ఏ’ తరగతి మోటారు మొత్తం నెట్టుడు 2.5 న్యూటన్-సెకన్లు మించకూడదు. ‘బీ’ అయితే 5, ‘సీ’ అయితే 10. ఒక్కో అక్షరానికి హద్దు రెట్టింపు. అయితే మోటారు రెట్టింపైంది కాబట్టి ఎత్తు కూడా రెట్టింపు కావాలని కొలిస్తే మళ్ళీ తప్పే. బరువు మారకుండా నెట్టుడు రెట్టింపైతే వేగం రెట్టింపవుతుంది, గాలే లేకపోతే ఎత్తు నాలుగు రెట్లవుతుంది. కానీ గాలి ఉంది, వేగం పెరిగేకొద్దీ మరింత గట్టిగా అడ్డుకుంటుంది. కాబట్టి నాలుగు రెట్లు ఎక్కడా రాదు. రాకెట్ లావు, రెక్కల నునుపు, బరువు కలిసి అసలు ఎత్తును తేలుస్తాయి. అందుకే సూటి భాగహారంతో పని జరగదు.

పని జరిగే దారి ఒకటుంది. ప్రతి తరగతికీ ఒక ప్రమాణ ఎత్తు పెట్టుకోవాలి. అది ఆ తరగతిలో ఇప్పటిదాకా వచ్చిన అత్యుత్తమ ఎత్తు కావచ్చు, లెక్కకట్టి తేల్చినది కావచ్చు. ఎవరి రాకెట్టుని వాళ్ళ తరగతి ప్రమాణంతో పోల్చి శాతం వేయాలి. లీటరు సీసాకి ప్రమాణం 36 మీటర్లు అనుకుందాం, మా అమ్మాయి 30 పోయింది, 83 శాతం వచ్చింది. రెండు లీటర్ల సీసా, ఎలక్ట్రిక్ పంపుకి ప్రమాణం 60 అనుకుంటే, 42 పోయిన అబ్బాయికి వచ్చేది 70. ఇవి వివరించడానికి వేసుకున్న అంకెలే గానీ, ఆరోజు కప్పు ఎటు పోయి ఉండేదో మీకు అర్థమై ఉంటుంది.

ఒక్క జాగ్రత్త కావాలి. ఆ ప్రమాణం పిల్లల సొంత పాత ఎత్తు మీద ఆధారపడకూడదు. అలా పెడితే మొదటి రోజు కావాలనే రాకెట్టుని కింద కింద ఎగరేసి, పోటీ రోజు అసలు సత్తా చూపించే తెలివి పిల్లలకి వెంటనే వచ్చేస్తుంది. మన పిల్లల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

మళ్ళీ గొడార్డ్ దగ్గరికి వద్దాం. ఆ చిన్న పుస్తకం చివర్లో ఆయన ఒక ఊహ రాశారు. రాకెట్టు చంద్రుడి దాకా పోయి, అక్కడ వెలుగుమందు కాలిస్తే భూమ్మీద టెలిస్కోపుకి కనిపించడానికి ఎంత మందు కావాలో లెక్కకట్టారు. సామర్థ్యం లెక్కలు ఎవరూ చదవలేదు. పత్రికలన్నీ చంద్రుడి మాటే పట్టుకున్నాయి. 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ ఏకంగా సంపాదకీయంలో ఆయన్ని ఎగతాళి చేసింది. శూన్యంలో నెట్టడానికి ఏమీ ఉండదు కదా, రాకెట్టు ఎలా పోతుంది, ఈ ప్రొఫెసర్‌కి హైస్కూలు పాఠం కూడా రాదు అన్న ధోరణి. గాలి లేని గొట్టంలో అప్పటికే కాల్చి చూసిన మనిషిని అలా అన్నారు. గొడార్డ్ ఆ తర్వాత ముడుచుకుపోయారు. చేసేది చెప్పడం తగ్గించేశారు.

1924లో ఎస్తర్ కిస్క్‌ని పెళ్ళి చేసుకున్నారు. అప్పటినుంచి ప్రయోగాల ఫొటోలు, సినిమాలు తీసే పని ఎస్తర్‌ది.

1926 మార్చి 16. ఆబర్న్ ఊళ్ళో ఎఫీ అనే బంధువుల ఆవిడ పొలం. నేల మీద మంచు. గొడార్డ్, ఎస్తర్, మరో ఇద్దరు సహాయకులు, అంతే. పది అడుగుల సన్నటి చట్రం, పైన మోటారు, కింద తొట్టెలు. ఒకదాంట్లో పెట్రోలు, రెండోదాంట్లో ద్రవ ఆక్సిజన్. ముట్టించారు. మంట వచ్చింది, రాకెట్టు లేవలేదు. బరువు నెట్టుడుకంటే ఎక్కువగా ఉంది. ఇంధనం కాలి కొంత బరువు తగ్గాక అప్పుడు లేచింది. రెండున్నర సెకన్లలో 41 అడుగుల ఎత్తుకి లేచి, 184 అడుగుల దూరంలో క్యాబేజీ మడిలో పడింది. ఎస్తర్ చేతిలోని కెమెరా ఒకసారి కీ ఇస్తే ఏడు సెకన్లే తిరుగుతుంది. రాకెట్టు ఆలస్యంగా లేచేసరికి అది ఆగిపోయింది. అందుకే చరిత్రలో మొదటి ద్రవ ఇంధన రాకెట్టు ఎగిరిన సినిమా లేదు.

ఈ 41 అడుగులకి మన పద్ధతిలో ఎన్ని మార్కులు వేయాలి? ఆ తరగతిలో అంతకుముందు ఎవరూ ఎగరేయలేదు. పోల్చడానికి ప్రమాణమే లేదు. ఆరోజు 41 అడుగులే ప్రమాణమైంది. తారాజువ్వతో పోలిస్తే చివరి స్థానం, దాని తరగతిలో మొదటి స్థానం. గొడార్డ్‌కి ఈ తేడా తెలుసు. పేపర్ల వాళ్ళకి తెలియదనీ తెలుసు. అందుకే బయటి ప్రపంచానికి పదేళ్ళ దాకా, 1936 వరకు, ఈ సంగతి చెప్పలేదు.

చెప్పకపోవడమే మంచిదని 1929 జూలై 17న రుజువైంది. ఆరోజు రాకెట్టులో బారోమీటరు, థర్మామీటరు, చిన్న కెమెరా పెట్టారు. ద్రవ ఇంధన రాకెట్టు పరికరాలు మోసుకుని ఎగరడం అదే మొదటిసారి. సుమారు 90 అడుగులు లేచి పడింది. చప్పుడికి విమానం కూలిందనుకుని చుట్టుపక్కలవాళ్ళు ఫోన్లు చేశారు. పోలీసులు, అంబులెన్సులు, వెనకాలే విలేకరులు. ఒక పత్రిక భూమికీ చంద్రుడికీ ఉన్న దూరంలోంచి ఆ కొద్ది అడుగులూ తీసేసి, గురి రెండు లక్షల ముప్పై ఎనిమిది వేల పైచిలుకు మైళ్ళ తేడాతో తప్పిందని నవ్వుతూ రాసింది. ఎత్తు ఒక్కటే చూసేవాళ్ళ లెక్క అలాగే ఉంటుంది. నేను కప్పు ఇచ్చిన లెక్క కూడా దానికి దగ్గర చుట్టమే. మసాచుసెట్స్‌లో ఇక రాకెట్లు ఎగరేయడానికి వీల్లేదని అగ్నిమాపక అధికారి ఆజ్ఞ వేశారు.

ఆ గోల పేపర్లలో చదివి ఒక మనిషి ఇంటికి వచ్చారు. అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా విమానంలో దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్. ఆయన మాట సాయంతో డేనియల్ గగ్గన్‌హైమ్ రెండేళ్ళకి 50,000 డాలర్లు ఇచ్చారు. 1930లో గొడార్డ్ దంపతులు న్యూ మెక్సికోలోని రాస్‌వెల్‌కి మారారు. ఎండ, ఖాళీ నేల, నోరు మెదపని పొరుగువాళ్ళు. క్షయ తగిలిన ఊపిరితిత్తులకీ ఆ పొడిగాలి మంచిదే. 1930 డిసెంబర్ 30న 2,000 అడుగులు. మధ్యలో దేశంలో ఆర్థిక మాంద్యం వచ్చి, డబ్బు ఆగి, రెండేళ్ళు తిరిగి పాఠాలు చెప్పుకున్నారు. 1935 మార్చి 28న గైరోస్కోపు అమర్చిన రాకెట్టు 4,800 అడుగులు, మే 31న మరొకటి 7,500 అడుగులు. 1937 మార్చి 26న ఎగిరింది ఆయన అన్ని రాకెట్లలోకీ పైకి పోయింది. 8,000, 9,000 అడుగుల మధ్య.

డబ్బిచ్చినవాళ్ళకి ఇంకా పెద్ద అంకె కావాలి. ప్రపంచం చూసేలా ఒక ఎత్తు రికార్డు పెట్టమని లిండ్‌బర్గ్, గగ్గన్‌హైమ్ కుటుంబం ఒత్తిడి తెచ్చేవారు. గొడార్డ్ మనసు మాత్రం గైరోస్కోపుల మీద, ఇంధనం పంపుల మీద, రాకెట్టు పక్కకి ఒరగకుండా తిన్నగా పోయే ఏర్పాట్ల మీద ఉండేది. అవి కుదిరితే ఎత్తు దానంతట అదే వస్తుందని ఆయన నమ్మకం. అంకె అడిగేవాళ్ళూ చెడ్డవాళ్ళు కాదు, ఆయన మంచి కోరేవాళ్ళే. మార్కుల షీట్ వచ్చిన రోజు మన ఇళ్ళల్లో సంగతి గుర్తొస్తుంది నాకు. అడిగేది ప్రేమతోనే, అడిగేది మాత్రం అంకెనే.

ఇక్కడ గొడార్డ్‌ని వెనకేసుకురావడం ఆపాలి. 1936లో కాలిఫోర్నియా నుంచి ఫ్రాంక్ మలీనా అనే యువ పరిశోధకుడు రాస్‌వెల్ వచ్చి, కలిసి పనిచేద్దామన్న ఉద్దేశంతో ఆయన్ని కలిశారు. గొడార్డ్ మర్యాదగా చూశారు గానీ ముఖ్యమైనవేవీ చూపించలేదు. నలుగురైదుగురు మెకానిక్కులతో ప్రతి భాగమూ తానే కనిపెట్టాలని కూర్చున్నారు. జబ్బు, ఎగతాళి, డబ్బు కొరత ఆయన నెత్తిన పడ్డ బరువులు. వాటికి హ్యాండిక్యాప్ ఇవ్వాల్సిందే. ఒంటరితనం మాత్రం ఆయన తనంతట తాను ఎత్తుకున్న బరువు. దానికి ఏ న్యాయనిర్ణేతా మార్కులు కలపలేడు. ఎగతాళి వల్లే ఒంటరితనం వచ్చిందనేవాళ్ళున్నారు. కొంతవరకు నిజమే, మొత్తం కాదని నా అభిప్రాయం.

ఎందుకంటే అదే కాలంలో జర్మనీలో పోటీ వేరేలా నడుస్తోంది. 1942 అక్టోబర్ 3న వీ-2 రాకెట్టు 80 కిలోమీటర్లకు పైగా లేచింది. గొడార్డ్ అత్యుత్తమం మూడు కిలోమీటర్లకి లోపే. ఒక పక్క ప్రభుత్వ ఖజానా, వేలమంది మనుషులు. ఇంకో పక్క ఒక ప్రొఫెసరు, ఆయన భార్య, కొద్దిమంది మెకానిక్కులు. పైగా తర్వాతి రోజుల్లో ఆ వీ-2లను భూగర్భ ఫ్యాక్టరీలో ఖైదీల చేత చేయించారు. వేలమంది అక్కడ చనిపోయారు. 80 కిలోమీటర్లన్న అంకె పక్కన ఆ సంగతి ఎవరూ రాయరు.

యుద్ధకాలంలో గొడార్డ్ నౌకాదళానికి అనాపొలిస్‌లో పనిచేశారు. 1945లో అక్కడికి చేరిన వీ-2 భాగాలను చూసి, తన రాకెట్లను పోలి ఉన్నాయని నమ్మారు. జర్మన్ల పని చాలావరకు వాళ్ళ సొంతమేనని చరిత్రకారులు అంటారు. అప్పటికే గొంతు క్యాన్సర్. 1945 ఆగస్టు 10న బాల్టిమోర్‌లో కన్నుమూశారు.

మిగిలిన కథ ఎస్తర్‌ది. ఆయన నోట్‌బుక్కులు, డ్రాయింగులు ముందేసుకుని కూర్చుని, పోయిన మనిషి పేరు మీద ఇంకో 131 పేటెంట్లు సంపాదించింది. మొత్తం 214. 1960లో అమెరికా ప్రభుత్వం ఆ పేటెంట్లు వాడుకున్నందుకు పది లక్షల డాలర్లు చెల్లించింది. 1969లో అపోలో-11 చంద్రుడి దారి పట్టిన మర్నాడు, న్యూయార్క్ టైమ్స్ పాత సంపాదకీయం తప్పేనని ఒప్పుకుంటూ చిన్న సవరణ వేసింది. ఆ తేదీ జూలై 17. ఆబర్న్ పొలానికి పోలీసులు, అంబులెన్సులు వచ్చిన రోజుకి సరిగ్గా నలభై ఏళ్ళు.

ఇక ఈ టర్మ్ పోటీ గురించి. మీ పిల్లలు తెచ్చే ఫారంలో ఈసారి గడులు ఎక్కువగా ఉంటాయి, కంగారు పడకండి. సీసా ఎన్ని లీటర్లు, ఖాళీ రాకెట్టు ఎన్ని గ్రాములు, నీళ్ళు ఎన్ని మిల్లీలీటర్లు, పంపు మీద ముల్లు ఎంత చూపించింది. కిచెన్‌లో కాటా ఉంటే బరువు అక్కడే చూడొచ్చు. పంపు మీద ముల్లు లేకపోతే స్కూల్ పంపు వాడుకోవచ్చు. ఎత్తు కొలవడానికి పిల్లలే ఒక కోణమానినికి దారం, దారానికి నట్టు కట్టి పరికరం చేసుకుంటారు. రాకెట్టు లేచే చోటికి 30 మీటర్ల దూరంలో నిలబడి చూడాలి. కోణం 45 డిగ్రీలొస్తే ఎత్తు 30 మీటర్లు, దానికి చూసే పిల్లాడి కంటి ఎత్తు కలపాలి. వేరే కోణమైతే పదో తరగతివాళ్ళు టాన్ పట్టిక చూసి చెబుతారు. గాలి వీచి రాకెట్టు పక్కకి పోతే ఈ కొలత తప్పుతుంది. అందుకే రెండు వైపుల నుంచి ఇద్దరు చూస్తారు. నీళ్ళు పోసి గాలి కొట్టేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి, పెద్దవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి, పాత సీసా, గీతలు పడ్డ సీసా వద్దు.

ఎత్తు రాసే గడి ఫారంలో అన్నిటికంటే కింద ఉంటుంది. పై గడులన్నీ నిండిన తర్వాతే దాన్ని నింపుతాం.